అవతలి గాడి

పెన్సిలు ఈ ఏడు కూడా వదిన చేతికే వచ్చింది.

మేనేజరుగారు స్వయంగా తెచ్చిచ్చారు. గోల్ఫ్ మైదానం వెనకవైపు, గడ్డి కోసే యంత్రాలు పెట్టే చోటు పక్కన, రేకుల షెడ్డు ఒకటుంది. సభ్యుల కర్రలు విరిగినా, వంగినా, పట్టు అరిగినా అక్కడికే వస్తాయి. కాడలూ తలలూ వదిన మరిది చూసుకుంటాడు. పట్టులు వదిన పని. మేనేజరుగారు గుమ్మంలోకి వచ్చేసరికి ఆవిడ ఒక కర్రకున్న పాత రబ్బరు పట్టుని కొక్కెం కత్తితో నిలువునా చీల్చి, అరటిపండు తొక్కలా ఒలిచి పారేస్తోంది. కత్తి ఎడమచేతిలో ఉంది. ఆవిడకి అన్ని పనులకీ ముందు లేచేది ఆ చెయ్యే.

"శనివారం మన ఆట వదినా. లెక్క రాయడం ఎప్పట్లాగే మీదే. మీ అంత చక్కగా అంకెలు ఇంకెవరు రాస్తారు చెప్పండి?"

ఆవిడ మేనేజరుగారికి వదినేమీ కాదు. మరిది పిలుస్తుంటే విని మైదానమంతా అలాగే పిలవడం మొదలుపెట్టింది. దాంతో ఆవిడ భర్త, అక్కడి గడ్డినంతా కన్నబిడ్డలా పెంచి కత్తిరించే మనిషి, అందరికీ అన్నయ్య అయిపోయాడు.

"ఈసారి నేను కూడా ఆడదామనుకుంటున్నానండీ," అంది వదిన కత్తి పక్కన పెట్టి.

"ఆడండి, ఎవరొద్దన్నారు? ర్యాకులో ఏ కర్ర కావాలంటే అది తీసుకోండి."

"అవన్నీ కుడిచేతివి కదండీ."

"అదే కదా మరి చిక్కు!" అన్నారు మేనేజరుగారు, చిక్కు చెప్పేస్తే విప్పేసినట్టే అన్నంత తృప్తిగా. పెన్సిలు బల్ల మీద పెట్టి, చల్లగా వెళ్ళిపోయారు.

ఏడాదికోసారి, సభ్యులెవరూ రాని రోజు చూసి, అక్కడ పనిచేసేవాళ్ళు ఆడుకునే ఆట అది. చివరి ఆరు హోల్సే, అంటే జెండా గుచ్చిన ఆరు గుంటలే, ఆడతారు. తక్కువ దెబ్బల్లో బంతిని వాటిలో వేసినవాళ్ళదే గెలుపు. మనిషికి ఒక్క కర్రే. దూరానికైనా, దగ్గరికైనా, ఇసుక గొయ్యిలో పడినా, చేతిలో ఉన్న ఆ ఒక్కదాంతోనే నెగ్గుకు రావాలి. వెనకటి రోజుల్లో ర్యాకులో నాలుగు కర్రలు తప్ప లేకపోవడం వల్ల పెట్టుకున్న నియమం. ఇప్పుడు ర్యాకు నిండా ఉన్నాయి. అయినా నియమం మారలేదు, ఎందుకంటే సరదా అంతా అందులోనే ఉంది. అన్నయ్య అయితే బంతిని నేలమీద దొర్లించే పుట్టరు పట్టుకుని మొదటినుంచి చివరిదాకా దొర్లించుకుంటూ పోతాడు. ఏ వాలు ఎటు లాగుతుందో, ఏ తడి ఎక్కడ ఆపుతుందో ఆయనకి తెలుసు. ప్రతి ఏడూ గెలుపు ఆయనకో మేనేజరుగారికో.

వదిన ఒకే ఒక్కసారి కుడిచేతి కర్రతో ప్రయత్నించింది. బంతి ముందుకి పోవాల్సింది, పక్కకి దూసుకెళ్ళి మేనేజరుగారి టీ కప్పు పగలగొట్టింది. అందరూ పడీ పడీ నవ్వారు, ఆవిడా నవ్వింది. ఆ సాయంత్రమే పెన్సిలు చేతికొచ్చింది. నవ్వు ఎప్పుడో మర్చిపోయింది గానీ, పెన్సిలు మాత్రం ఏటా వస్తూనే ఉంది. అందరూ కొడుతుంటే పక్కన నిలబడి అంకెలు వెయ్యడం ఎంత విసుగో, పెళ్ళిలో భోజనం లేకుండా వడ్డనకి మాత్రమే పిలిచినట్టు ఉంటుందో, అడిగినవాడు లేడు.

"ఏమంటాడు మేనేజరు?" అన్నాడు మరిది లోపల్నుంచి వస్తూ.

"నా అంకెలు ముత్యాల్లా ఉంటాయంట."

"ఉంటాయిగా మరి!"

వదిన మళ్ళీ పనిలో పడింది. కొత్త పట్టులోకి ద్రావకం పోసి, కాడ మీద చుట్టిన టేపు తడిపి, అది ఆరిపోయేలోగా ఒక్క ఊపున తోసింది. ఆ ఊపులో కొంచెం కోపం కూడా కలిసిందేమో, పట్టు చివరిదాకా ఎక్కి కూర్చుంది.

మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. బడిలో పనిచేసి మానేశాక రోజూ పొద్దున్నే ఇక్కడికొచ్చి ఆడే సభ్యురాలు. పాత దుప్పట్లో చుట్టిన కర్రొకటి బల్లమీద పెట్టి విప్పింది.

"ఇది మా నాయనమ్మది. గోడకి వేలాడుతూ తుప్పు పట్టిపోతోంది. హాల్లో అద్దాల బీరువా ఉందిగా, అందులో పెడతామని మేనేజరుగారు అడిగారు. కాస్త మనిషి రూపం తెప్పించండి."

మరిది దాన్ని చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. చెక్క కాడ, ఇనుప తల. కాడకీ తలకీ మధ్య పళ్ళచక్రం ఒకటి, దానికి అడ్డంగా లావుపాటి మర. మర గాట్లో నాణెం పెట్టి తిప్పి వదులు చేస్తే తల కొంచెం బయటికి జరుగుతుంది, దాన్ని ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి తిప్పి మళ్ళీ బిగించాలి. నిటారుగా పెడితే దొర్లించే కర్ర. కాస్త వాలిస్తే దూరం కొట్టే కర్ర. బాగా వెల్లకిలా పడేస్తే ఇసుకలోంచి బంతిని లేపే కర్ర. సంచీ మోసే బాధ లేకుండా అన్నీ ఒక్కదాంట్లోనే.

"చూశావా వదినా! మన మేనేజరు కొత్త కర్రకి మెడ తిరుగుతుందని ఊరంతా చెప్పుకుంటాడే, అది ఆ రోజుల్లోనే ఉంది!"

*

మర్నాడు మరిది కాడల సరుకు కోసం బయటికెళ్ళాడు. పాత కర్ర తుప్పు వదిలించే పని వదినకి వచ్చింది. నూనె రాసి, మెత్తటి స్టీలు పీచుతో నెమ్మదిగా రుద్దుతూ కూర్చుంది. తుప్పు ఎర్రటి బురదలా కారి గుడ్డలోకి దిగుతుంటే, బంతిని పట్టుకోవడానికి ముఖం మీద చెక్కిన సన్నటి గీతలు ఒక్కొక్కటే తేలాయి. అటు తిప్పి వీపు రుద్దింది. అక్కడా గీతలు తేలాయి.

ఇదేం చోద్యం అనుకుంది. బంతికి తగిలేది ముఖం. వీపుకి గీతలెందుకు?

తర్వాత పట్టు మీద చెయ్యి వేసింది. సన్నటి తోలుపట్టీ మెలికలు మెలికలుగా చుట్టి ఉంది. దాన్ని చూడగానే వేళ్ళు ఆగిపోయాయి. ఆవిడ తోలు చుట్టినప్పుడల్లా మరిది "తిరగేసి చుట్టావు వదినా, విప్పు" అంటాడు. ఎడమచేతివాళ్ళకి ఆ చుట్టు సహజంగా వచ్చేది, పట్టుకుంటే వేళ్ళకి సుఖంగా ఉండేది. ఈ పట్టీ అచ్చం ఆవిడ చుట్టినట్టే ఉంది. అరుగుదల చూసినా, బొటనవేలు ఆనే చోటు కుడిచేతివాళ్ళకి ఉండాల్సిన వైపు కాదు.

చిల్లర నాణెం ఒకటి తీసి మర వదులు చేసింది. తలని వెల్లకిలా ఉన్న గాడినుంచి ఒక్కో గాడీ పైకి తిప్పుకుంటూ వచ్చింది. తల నిటారుగా నిలిచే గీత దగ్గరికి వచ్చింది. అక్కడితో అయిపోవాలి. కానీ చెయ్యి ఆపకుండా ఇంకొంచెం తిప్పింది. గట్టిపడిన జిడ్డులోంచి తల మూలుగుతూ కదిలింది, గీత దాటింది, అవతల ఉన్న గాడిలోకి టకామని కూర్చుంది.

వీపు ముఖమైంది. ముఖం వీపైంది. నేలమీద పెట్టి చూస్తే, అది ఎడమచేతి కర్ర.

వదిన లేచి తలుపు దాకా వెళ్ళి బయటికి చూసింది. భోజనాల వేళ, ప్రాక్టీసు మైదానం ఖాళీగా ఉంది. దొంగతనానికి వెళ్ళేవాడిలా కర్రని పక్కకి ఆనించుకుని, రెండు బంతులు జేబులో వేసుకుని నడిచింది. నిలబడింది. ఇన్నేళ్ళూ అందరూ నిలబడే వైపు కాకుండా, తన వైపు. ఆ నిలబడడమే ఎంత బాగుందో! కాళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి.

మొదటి బంతి నేలకి గీసుకుంటూ పోయింది. రెండోది లేచింది. ఎక్కువ ఎత్తేం లేదు. కానీ ఏ పక్కకీ పోకుండా, ఎదురుగా ఉన్న జెండా వైపే, అడిగి మరీ వెళ్ళినట్టు వెళ్ళింది. అరచేతుల్లోంచి ఏదో తియ్యగా మోచేతులదాకా పాకింది. వదిన చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గట్టిగా నవ్వింది.

ఎవరూ లేరన్నది నిజం కాదు. క్యాంటీను వెనక మెట్ల మీద క్యాంటీనాయన ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాడు. అతన్ని అందరూ 'గునపం' అంటారు. ఆటలో బంతిని కొట్టబోయి ప్రతిసారీ నేలని కొడతాడు, మట్టి పెళ్ళలు లేస్తాయి. ఏటా ఆఖరివాడు అతనే. ఎవరేమన్నా పళ్ళికిలించి, తనమీద తనే రెండు జోకులేసుకుని టీ పోస్తాడు. ఇప్పుడు మాత్రం నవ్వడం లేదు. కత్తి గాల్లో ఆగిపోయి ఉంది.

"ఎవరికీ చెప్పకు," అంది వదిన.

"చెప్పను వదినా," అని, "ఆ కర్ర... అటు కూడా తిరుగుతుందా?" అన్నాడు.

"తిరుగుతుంది!" అంటూ ఆవిడ సంతోషంలో గబగబా షెడ్డుకి వెళ్ళిపోయింది. కర్రని తుడిచి, మళ్ళీ నిటారు గీత దగ్గరికి తిప్పి బల్లమీద పెట్టింది. రేపు టీచరమ్మని అడిగి, శనివారం అందరి కళ్ళూ తిరిగిపోయేలా చెయ్యాలని మనసులో అనుకుంది. ఆ రాత్రి కూర కలుపుతూ కూడా చేతులు వాటంతటవే ఊగుతుంటే, "ఏమైంది నీకు?" అన్నాడు అన్నయ్య. "ఏం లేదండీ, ఈగ," అంది.

*

పొద్దున్న షెడ్డులోకి అడుగుపెట్టేసరికి మరిది ఈల వేస్తున్నాడు. అతను పనైపోతేనే ఈల వేస్తాడు.

"కర్ర తయారు వదినా! కాడకి లక్క పూశాను, మర మార్చాను. ఒక్కటే లోపముంది, అదీ సరిచేసేశాను."

"ఏం లోపం?"

"నిటారు గీత దాటి తల జారిపోతోంది. పళ్ళు అరిగి అలా అయ్యుంటుంది. అందుకని చిన్న పిన్ను కొట్టేశాను. ఇక కదలమన్నా కదలదు."

వదిన కర్ర చేతిలోకి తీసుకుంది. నాణెంతో మర వదులు చేసింది. గాడి తర్వాత గాడి తిప్పింది. నిటారు గీత దగ్గర తల టక్కున ఆగిపోయింది. గట్టిగా తోసింది. పిన్ను సన్నదే, మరిది పనితనం కాబట్టి బయటికి కనిపించనైనా కనిపించడం లేదు. అయినా గోడలా నిలబడింది.

"అది లోపం కాదు మరిదిగారూ," అంది.

ఆవిడ నోట 'గారూ' వచ్చిందంటే కొంప మునిగిందన్నమాట. మరిది ఈల ఆపేశాడు.

"అటువైపు ఇంకో గాడి ఉంది. చూడలేదా?"

"చూశాను. పాతకాలం పని కదా, కొలత తప్పి ఒకటి ఎక్కువ కోశారేమో అనుకున్నా. అటువైపు ఎవరు తిప్పుతారు వదినా?"

"నేను," అంది వదిన.

అంతే అంది. గొంతు పెంచలేదు. బల్లమీద పెన్సిలుంది, రెండు రోజులుగా అక్కడే పడి ఉంది. మరిది ఆ పెన్సిలు వైపు చూశాడు, కర్ర వైపు చూశాడు, ఆవిడ ఎడమచేతిలో ఉన్న నాణెం వైపు చూశాడు. ఎన్నేళ్ళనుంచో ఆవిడ పక్కనే కూర్చుని పనిచేస్తున్నాడు. ఎడమచేతికి అడ్డం రాకూడదని ద్రావకం డబ్బా కుడివైపు పెట్టడం కూడా అలవాటు చేసుకున్నాడు. కానీ బుర్రలో ఆ ఆలోచన ఒక్కసారీ తట్టలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఊరందరి కర్రలూ వంచి ఇస్తాను," అన్నాడు చివరికి. "నీకోసం ఒక్కటి... ఛ! నన్ను కొట్టు వదినా."

"కొడతాను, శనివారం. ముందు అది లాగు."

లాగడం కొట్టినంత తేలిక కాలేదు. మరిది తన పనిని తనే తిట్టుకుంటూ, తలకి బట్ట చుట్టి బల్లకున్న పట్టకారులో బిగించి, సన్నటి డ్రిల్లుతో పిన్ను నడుమ తొలిచి, పళ్ళకి గీత పడకుండా ఊపిరి బిగబట్టి లాగాడు. "ఏ వెధవ కొట్టాడో గానీ ఎంత గట్టిగా కొట్టాడు!" అన్నాడు. వదినకి నవ్వాగలేదు. ఆ నవ్వుతో ఇద్దరి మధ్య రాజీ కుదిరిపోయింది. పిన్ను చిన్న ఇనుప నలుసై బల్లమీద పడింది. తల గీత దాటి అవతలి గాడిలో కూర్చుంది.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ వచ్చింది. వదిన దాచకుండా అంతా చెప్పింది, అడగకుండా రెండు బంతులు కొట్టిన సంగతితో సహా. టీచరమ్మ ద్వారబంధానికి ఆనుకుంది.

"మా నాయనమ్మ ఎడమచేత్తో ముగ్గేస్తుంటే గుర్తుంది నాకు," అంది. "ఈ కర్ర పట్టుకుని ఎలా నిలబడేదో ఎప్పుడూ ఊహించుకోలేకపోయాను. ఏదీ, పట్టుకుని నిలబడు ఒకసారి?"

వదిన నిలబడింది.

"ఆఁ. శనివారం ఆడు. బీరువా ఎక్కడికీ పారిపోదు. నేనూ చూడ్డానికొస్తాను."

*

శనివారం మేనేజరుగారు కర్ర చూడగానే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండాగండి. దీని తల తిరుగుతుంది! మనిషికి ఒక్క కర్ర కదా? ఇది అయిదారు కర్రలు!"

"నాకు పనికొచ్చే గాడి ఒక్కటేనండీ," అంది వదిన. "మిగతావన్నీ మీలాంటివాళ్ళకి."

మరిది పట్టుల కిందకి వాడే ఎర్ర టేపు చుట్ట జేబులోంచి తీశాడు. "ఇదిగో, మర మీద టేపు వేసేస్తున్నా. ఆట అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు. సరేనా?"

మేనేజరుగారు అయిష్టంగా తలూపారు. అప్పుడు టీచరమ్మ, తరగతి చివరి బెంచీని పలకరించే గొంతుతో, "మీదీ తిరిగేదే కదండీ?" అంది.

అందరూ మేనేజరుగారి కర్ర వైపు చూశారు. నల్లగా నిగనిగలాడే కొత్త రకం. మెడ దగ్గర అంకెల పట్టీ, అడుగున బరువు అటూ ఇటూ మార్చుకునే మరలు. దానికో బుల్లి పానా, సరిగ్గా బిగిసినప్పుడు టక్కుమంటుంది. కిందటేడు ఆటలో మేనేజరుగారు హోలు హోలుకీ చెట్ల చాటుకి వెళ్ళొచ్చేవారు. వెళ్ళినప్పుడల్లా చెట్ల వెనక టక్కుమనేది. అది వడ్రంగిపిట్ట అని అప్పుడు అందరూ మర్యాదకి అనుకున్నారు.

"ఈ ఏడు వడ్రంగిపిట్టకి సెలవు," అన్నాడు అన్నయ్య నెమ్మదిగా. మరిది ఎర్ర టేపు ఆ కర్ర మెడకి కూడా రెండు చుట్లు చుట్టాడు.

"మరి లెక్క ఎవరు రాస్తారు?" అన్నారు మేనేజరుగారు ఆఖరి ఆశగా.

వదిన పెన్సిలు తీసి ఆయన చేతిలో పెట్టింది. "మీ అంకెలు కూడా బాగానే ఉంటాయండీ."

మొదటి హోలు దగ్గర వదిన నిలబడేసరికి అందరూ వెనక్కి జరిగారు, టీ కప్పులు మరీ వెనక్కి జరిగాయి. ఆవిడ అటువైపు తిరిగి నిలబడడం చూసి కొందరు నవ్వబోయారు. కర్ర లేచింది, దిగింది. బంతి చెట్ల వరస మధ్యలోంచి వెళ్ళి గడ్డి మీద మెత్తగా పడింది. నవ్వబోయినవాళ్ళు నోళ్ళు మూసుకోవడం మర్చిపోయారు. అన్నయ్య మాత్రం, "ఓహో, ఆ ఈగ సంగతి ఇదా!" అన్నాడు.

ఆ పూట వదినకి నేలమీద కాళ్ళు ఆనలేదు. అన్నీ బాగా కొట్టిందని కాదు. ఒకటి నీళ్ళలో పడింది, ఒకటి పొదలో దూరింది. అయినా పోయిన బంతి తనది, వెతకడానికి వంగిన నడుం తనది. భర్తతో పోటీ పడుతూ, "అడ్డం లేవండి, మీ గడ్డి నా బంతిని లాగేస్తోంది" అని దెబ్బలాడుతూ, "గడ్డిని అనకు, అది వింటుంది" అని తిట్లు తింటూ, అయిదు హోల్స్ ఎలా గడిచాయో తెలియలేదు. మేనేజరుగారు మొదటి హోలుకి దూరం పోవాలని కర్రని బాగా నిటారుగా పెట్టుకుని వచ్చారు. దాంతో ఇసుక గొయ్యిలో పడ్డ బంతి లేవనంటే లేవనంది. టేపు మీదికి ఆయన చెయ్యి రెండుసార్లు వెళ్ళి, టీచరమ్మ దగ్గు విని వెనక్కి వచ్చింది. తన దెబ్బలు తనే లెక్కపెట్టి తనే రాసుకోవాల్సి రావడం ఆయన్ని మరీ కుంగదీసింది.

ఆఖరి హోలుకి వచ్చేసరికి అన్నయ్య కంటే వదిన ఒక్క దెబ్బ మాత్రమే వెనకబడి ఉంది.

ముందు గునపం వంతు వచ్చింది. పొద్దున్నుంచీ అతను ఒక్క జోకూ వెయ్యలేదు. వదిన కొడుతుంటే అందరూ వెనక నిలబడితే అతను ఎదురుగా నిలబడి, అద్దంలో చూసుకుంటున్నట్టు చూస్తున్నాడు. ఇప్పుడు ర్యాకులోంచి తెచ్చుకున్న కర్ర ఎత్తాడు, నేలని కొట్టాడు. మట్టిపెళ్ళ లేచింది. బంతి ఉన్నచోటే ఉంది.

"గునపం! నీళ్ళు పడ్డాయా?" అన్నాడెవడో. అందరూ నవ్వారు. అలవాటుకొద్దీ వదిన కూడా నవ్వింది.

అతను నవ్వలేదు. నెమ్మదిగా ఆవిడ దగ్గరికొచ్చి, "వదినా, ఆ కర్ర ఒక్కసారి ఇస్తావా?" అన్నాడు.

"ఎందుకు?"

"నాది కూడా... ఎడమే."

వదిన అతని చేతుల వైపు చూసింది. రోజూ టీ గిన్నె ఎత్తి, సన్నటి ధారగా కప్పులోకి పోసే చెయ్యి. మొన్న ఉల్లిపాయల మీద ఆగిపోయిన కత్తి ఉన్న చెయ్యి. రోజుకి రెండుసార్లు ఆ చేతినుంచే టీ అందుకుంటోంది. మరిదికి కనిపించలేదని మొన్న అంత కోపం తెచ్చుకుందే, మరి ఇది తనకెలా కనిపించలేదు?

"చెప్పొచ్చు కదయ్యా ఇన్నేళ్ళూ!"

"ర్యాకులో అన్నీ కుడివేగా వదినా. చిన్నప్పుడు ఎడమచెయ్యి ఎత్తితే దెబ్బలు పడేవి, దాచుకోవడం అలవాటైపోయింది. పైగా నేను కొడితే అందరూ నవ్వుతారు కదా, పోనీలే, నవ్వించడం కూడా ఒక పనేలే అనుకున్నా. మొన్న నువ్వు కొడుతుంటే చూశాక నిద్ర పట్టలేదు."

మేనేజరుగారు పెన్సిలెత్తారు. కాస్త ప్రాణం లేచొచ్చింది ఆయనకి. "మనిషికి ఒక్క కర్ర. కర్రకి ఒక్క మనిషి. ఇచ్చారో, ఇద్దరూ ఔటే."

వదిన జెండా వైపు చూసింది. దగ్గర్లోనే ఉంది. ఒక్క దెబ్బ బాగా పడితే మొగుడితో సమానం, రెండు పడితే గెలుపు. ఇన్నేళ్ళు పెన్సిలు పట్టుకుని నిలబడింది ఇలాంటి ఒక్క హోలు కోసమే. వదులుకోవాలంటే ప్రాణం ఉసూరుమంది. అబద్ధమెందుకు, కర్ర మీద వేళ్ళు ఇంకాస్త బిగిశాయి కూడా. తర్వాత గునపం ముఖం చూసింది. టీ అడిగితే వద్దంటారేమో అన్నట్టు నిలబడ్డాడు.

"అయితే ఇద్దరం ఔట్," అంది. "పట్టుకో. కాళ్ళు అటు కాదు, నీకు ఎలా హాయిగా ఉంటే అలా పెట్టు. ఆఁ. కొట్టు."

అతను కొట్టాడు.

మట్టి లేవలేదు. ఠంగుమని శుభ్రమైన చప్పుడొకటి వచ్చింది, బంతి లేచింది, లేస్తూనే ఉంది. జెండా మీదుగా ఇంకా దాటిపోతుంటే అందరి తలలూ దాంతోపాటే వెనక్కి వాలాయి. అది వెళ్ళి అవతల గట్టుకి తగిలి ఆగింది. గునపం ఒకసారి బంతి వెళ్ళిన వైపు, ఒకసారి తన ఎడమచేతి వైపు చూసుకున్నాడు.

అన్నయ్య పుట్టరు గడ్డి మీద పెట్టేశాడు. "నేనూ ఔట్," అన్నాడు. "ఏదీ, ఆ కర్ర ఒకసారి ఇటివ్వు. అటువైపు ఎలా ఉంటుందో నేనూ చూస్తా."

"నేనూ ఔట్," అన్నాడు మరిది. వరసగా అందరూ ఔటయ్యారు. ఆటలో మిగిలింది మేనేజరుగారొక్కరే.

"మీరే గెలిచారు సార్!" అని మరిది చప్పట్లు కొట్టాడు.

ఏళ్ళ తరబడి గెలుస్తున్న అన్నయ్య ఎడమచేతివాటంగా నిలబడి కొట్టాడు. మట్టిపెళ్ళ లేచింది, బంతి కదల్లేదు. తన గడ్డికి తనే చేసిన గాయం చూసి ఆయన గుండె పట్టుకున్నాడు. మరిది కొట్టాడు, కర్ర బంతిమీదుగా గాలి కోసుకుంటూ పోయింది, అతను గిర్రున తిరిగి కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు, అందరూ తవ్వారు. గునపం పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు, అందరినీ మించి నవ్వుతున్నాడు. చివరికి మేనేజరుగారు ఉండబట్టలేక, కార్డూ పెన్సిలూ జేబులో కుక్కుకుని, "ఇంతోటి దానికి ఇంత హడావిడేమిటి, ఇటివ్వండి" అని కర్ర అందుకున్నారు. ఆ పూట అన్నిటికంటే పెద్ద గొయ్యి ఆయనే తవ్వారు.

"మోచెయ్యి బిగించకండి సార్," అన్నాడు గునపం మర్యాదగా. "నేనూ ఇన్నేళ్ళూ అలాగే బిగించాను."

*

సోమవారం పొద్దున్న అన్నయ్య ఇసుక తోపుడుబండి వేసుకుని గుంటలు పూడుస్తున్నాడు. ఒక్కో గుంట దగ్గరా ఆగి, ఇది ఎవరిదో చెప్పి మరీ తిడుతున్నాడు. తనది పూడ్చేటప్పుడు మాత్రం గొంతు తగ్గించాడు.

షెడ్డులో పాత కర్ర మెరుస్తూ బల్లమీదుంది. బీరువాలో ఏ గాడిలో పెట్టి ఉంచమంటారని మరిది అడిగితే, "అసలు బీరువాలోకెందుకు?" అంది టీచరమ్మ. "ర్యాకులో పెట్టండి. కావలసినవాళ్ళు వాడుకుంటారు." వదిన దాని పాత తోలుపట్టీ విప్పి, కొత్తది చుడుతోంది. తనకి సహజంగా వచ్చే చుట్టే చుడుతోంది. మరిది చూశాడు గానీ విప్పమనలేదు.

మేనేజరుగారు వచ్చారు. చేతిలో నల్లటి కొత్త కర్ర. కాసేపు రేకుల వైపు, కాసేపు డబ్బాల వైపు చూసి, గొంతు సవరించుకున్నారు.

"ఇదిగో, ఇన్ని మరలున్నాయి దీనికి. వాలు మారుతుంది, బరువు మారుతుంది, మెడ మారుతుంది. ఇది... ఎడమచేతికి మారుతుందా?"

మరిది దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "లేదు సార్. అదొక్కటీ మారదు."

"ఇన్ని పెట్టినవాళ్ళు అదొక్కటీ పెట్టలేదా!" అన్నారు మేనేజరుగారు నిజంగా నొచ్చుకుని, తన కర్ర తనని మోసం చేసినట్టు.

"దానికి వేరే కర్రలు తెప్పించాలండీ," అంది వదిన, తోలు మీంచి చూపు తిప్పకుండా. "రెండు."

"రెండెందుకు?"

"ఒకటి నాకు. ఒకటి క్యాంటీనుకి. ఒక్కో మనిషికి ఒక్కో కర్ర కదండీ నియమం."

మేనేజరుగారు ఆలోచించారు. "సరే, రెండు. ర్యాకులో ఎడమవైపు పెట్టిద్దాం," అని వెళ్ళబోయి, గుమ్మంలో ఆగారు. "వచ్చే ఏడు మరి... లెక్క...?"

వదిన తల ఎత్తింది. పెన్సిలు ఆయన చొక్కా జేబులోనే ఉంది, ఆటనాడు కుక్కుకున్నది కుక్కుకున్నట్టే, ముక్కు బయటికి పెట్టి చూస్తోంది. ఆయన గమనించుకున్నట్టు లేదు.

"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూద్దాం లెండి," అంది వదిన. తోలుపట్టీ చివర బిగించి లాగింది, పెన్సిలు మాత్రం అడగలేదు.